సంగ్రహణిని జయించిన ఆంధ్రుడు: యల్లాప్రగడ సుబ్బారావుగారు

నల్లగొండ జిల్లాయందలి నందికొండ కడ, కృష్ణవేణి కొండల నడుమ ఒదిగి పాఱుచోట, 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు మహానిర్మాణమునకు పునాదిరాయి వైచిరి. 1967లో ఆ జలాశయమునుండి కాలువలకు నీరు విడువబడెను. జలాశయగర్భమున మునిగిపోయిన లోయ ఇక్ష్వాకురాజుల విజయపురి. నీరు క్రమ్ముకొనకమునుపు, 1954 మొదలు 1960 వఱకు, పురావస్తుశాఖవారు ఆ లోయను త్రవ్వి స్తూపములను, విహారములను, శిలాలేఖములను వెలికిదీసిరి. ఆ లేఖములలో నొకదానియందు, జ్వరము విడిచినవారు విశ్రమించుటకైన శాల యొకటి పేర్కొనబడినది. రాజుల యజ్ఞములను, రాణుల దానములను చదివి మఱచిపోవు పాఠకుడు సయితము ఈ చిన్నమాటను మఱువజాలడు. పదునేడువందల యేండ్ల క్రిందటను ఈ లోయలో జ్వరముండెను. జ్వరపీడితునకు నీడ గల్పించు దయయు నుండెను. లేకుండినది యొక్కటియే, ఆ జ్వరము ఎచ్చటనుండి వచ్చినదో తెలిపెడి విజ్ఞానము.

ఆ విజ్ఞానము పందొమ్మిదవ శతాబ్దము చివరిపాదమున మానవునకు లభించెను. 1880లో ఎబర్త్ అను జర్మను వైద్యుడు సన్నిపాతజ్వరమను టైఫాయిడుతో మరణించినవారి శరీరములందు కడ్డీవంటి సూక్ష్మజీవిని గాంచెను. 1885లో ఎషెరిక్ అను వైద్యుడు పసిబిడ్డల ప్రేగులలో మఱియొక కడ్డీని వర్ణించెను. 1894లో హాంకాంగు నగరమున యెర్సిన్ ప్లేగు కడ్డీని, 1897లో జపానునందు షిగా రక్తగ్రహణి కడ్డీని కనుగొనిరి. ఈ జీవుల పొడవు మిల్లీమీటరులో వేయవవంతునకు రెండు మూడింతలు. అనుకూలమైన తావున ఇరువది నిమిషములకొకమాఱు ఒకటి రెండగును. ఇవన్నియు బంధువులే యని గుర్తించి, 1937లో ఆటోరాన్ అను శాస్త్రజ్ఞుడు వీనినొక కుటుంబముగ జేర్చి, ప్రేగులను సూచించునట్లు ఎంటెరోబాక్టీరియేసీ యని నామకరణము చేసెను. 2016లో శాస్త్రజ్ఞులు ఈ పెద్దకుటుంబమును పంపకము చేసి ప్లేగు కడ్డీని వేఱింటి దానినిగ నిర్ణయించిరిగాని, అన్నదమ్ములు వేఱుపడినంతమాత్రమున చుట్టఱికము పోదుగదా. ఈ కుటుంబమునందలి వారందఱును దుష్టులు కారు. పెక్కు కడ్డీలు మన ప్రేగులలో మనతో గూడ నిరపాయముగ నివసించుచున్నవి. కొన్ని మాత్రము ఇల్లు కూల్చునవి.

ఈ కుటుంబమువలన తన యింట ఇద్దఱన్నదమ్ములను గోల్పోయి, ఆ ఋణమును ప్రపంచమునకంతకు మేలుగ దీర్చిన ఆంధ్రుని చరిత్రమును నేడు పాఠకుల యెదుట నుంచుచున్నాము. ఆయన పేరు చాలమంది వినియున్నారు. ఆయన చేసిన పని యేదియో, చేయనిదేదియో సరిగ నెఱిగినవారు కొలదిమంది.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన పశ్చిమగోదావరియందలి భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూశాఖలో చిన్న యుద్యోగి. తల్లి వెంకమ్మగారు. పెద్దకుటుంబము, చాలీచాలని జీతము, దానిపై తండ్రి అనారోగ్యము. బాలుడు చదువునందు మొదట నేమంత శ్రద్ధ చూపలేదు. పదుమూడవయేట ఇల్లువిడిచి కాశీకి బోయి, యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని పారిపోయెను. పెద్దలు వెదకి వెనుకకు దెచ్చిరి. రాజమహేంద్రవరమున చదువు సాగలేదు. ప్రవేశపరీక్షలో రెండుమాఱులు తప్పి, మూడవమాఱు మద్రాసునందలి హిందూ ఉన్నతపాఠశాలనుండి నెగ్గెను. ఈ చదువునకు గాను తల్లి తన నగలమ్ముకొనవలసివచ్చెను. మెట్రిక్యులేషను రెండుమాఱులు తప్పిన పిల్లవానిని చూచి పెదవివిఱుచు తండ్రులు మన పట్టణములందు నేటికిని గలరు. వారు ఈ ఘట్టమును రెండుమాఱులు చదువుదురుగాక.

ప్రెసిడెన్సీ కళాశాలయందు చదువుచు ఆయన రామకృష్ణ మఠమువైపు మొగ్గెను. సన్న్యసించి సేవ చేయవలెననియే ఆయన కోరిక. తల్లి అంగీకరింపలేదు. సన్న్యాసమునకు బదులు వైద్యమునే సేవామార్గముగ నెంచి మద్రాసు వైద్యకళాశాలలో చేరెను. మిత్రుల సాయమును, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి సాయమును ఆ చదువును నిలిపెను. మూర్తిగారి కుమార్తె శేషగిరిగారిని ఆయన 1919లో వివాహమాడిరి.

అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మాఱుమ్రోగుచున్న దినములు. సుబ్బారావుగారు శస్త్రచికిత్సాగారమునందు సయితము ఖద్దరు అంగీనే ధరించిరి. శస్త్రవైద్యమును బోధించు ఆంగ్లాచార్యునకు అది కంటగింపయ్యెను. తక్కిన పరీక్షలన్నింట యోగ్యతగాంచినను, శస్త్రవైద్యమున తక్కువపడెనను కారణమున ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మాఱుగ, తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రము ఆయనకు దక్కెను. మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఆయనకు ద్వారములు మూయబడెను. ఆచంట లక్ష్మీపతిగారు నడపుచున్న ఆయుర్వేద కళాశాలయందు శరీరశాస్త్రోపాధ్యాయుడుగ నుద్యోగము లభించెను. ఒక ముతకగుడ్డ మూలమున పరప్రభుత్వము ఎట్టి మేధను కాలదన్నినదో తరువాతి చరిత్రము చెప్పగలదు.

ఈ లోపుగ ఆ కుటుంబముపై పిడుగు పడెను. అన్న పురుషోత్తముగారును, తమ్ముడు కృష్ణమూర్తియు ఎనిమిది దినముల వ్యవధిలో మరణించిరి. వ్యాధి ఉష్ణదేశపు స్ప్రూ; మనవారు సంగ్రహణి యని వ్యవహరించునది దీనికి మిక్కిలి దగ్గఱ. నాలుక పుండ్లుపడును, తిన్నది వంటబట్టదు, విరేచనములు కట్టవు, రక్తము పలుచబడును, మనిషి నెలలతరబడి కృశించి కృశించి చివఱకు దీపము కొడిగట్టినట్లు ఆఱిపోవును. సుబ్బారావుగారును ఇదే వ్యాధిపాలై, లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే కోలుకొనిరని ఆయన జీవితచరిత్రకారులు వ్రాసియున్నారు. తాను బ్రతికెను, అన్నదమ్ములు బ్రతుకలేదు. వైద్యుడైయుండియు ఆ వ్యాధికి హేతువు తెలియలేదు, ఔషధము తెలియలేదు. ఆయన జీవితమునకు ఇరుసువంటిది ఈ దుఃఖమే.

ఆ దుఃఖమే ఆయనను సముద్రము దాటించెను. కాకినాడయందలి మల్లాడి సత్యలింగనాయకర్ ధర్మసంస్థవారు ధనసాయమున కంగీకరించిరి. మామగారు తక్కినది సమకూర్చిరి. గర్భవతియైన భార్యను విడిచి, మూడేండ్లలో తిరిగివత్తునను ఆశతో, 1922 అక్టోబరు 26వ తేదీన సుబ్బారావుగారు అమెరికాయందలి బాస్టన్ నగరమున దిగిరి. ఆయన మఱల మాతృభూమిని చూడలేదు. పుట్టిన కుమారుని చూడలేదు. ఆ శిశువు విసర్పివ్యాధిచే కొలదినెలలకే మరణించెను. భార్య ఆయనకొఱకు నిరీక్షించుచునే జీవితము గడపెను. గొప్పవారి చరిత్రములందు ఈ భాగమును దాటవేయుట మన వారికలవాటు. దాటవేయరాదు. లోకమునకు లభించిన మేలులో ఆ యిల్లాలు చెల్లించిన మూల్యమును గలదు.

హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణదేశవైద్యశాలలో ఆయన చేరిరి. దాని పెద్దయైన రిచర్డ్ స్ట్రాంగుగారు 1911లో మంచూరియాదేశమున ఊపిరితిత్తుల ప్లేగును ఎదుర్కొనిన వైద్యబృందమునకు నాయకుడు. కడ్డీజీవుల క్రూరత్వమును కన్నులార చూచినవాడు. ఆ 1911లోనే హైదరాబాదు నగరమున ప్లేగు చెలరేగినదని మనవారికి జ్ఞాపకము చేయవలెను. ఎల్.ఎం.ఎస్. పట్టముతో అమెరికాయందు వైద్యము చేయుటకు వీలులేదు. అందుచే సుబ్బారావుగారు పగలు చదువుకొనుచు, రాత్రులందొక ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలను కడుగు పనివానిగ గూలిచేసిరి. అగ్రవర్ణమున బుట్టి, వైద్యపట్టము గైకొనినవాడు అట్టి పని చేయుట ఆ కాలపు మన సంఘమున ఊహింపరానిది. ఆయన దానిని అవమానముగ నెన్నలేదు.

తరువాత ఆయన జీవరసాయనశాఖలో చేరి, సైరస్ ఫిస్కుగారితో గలసి పనిచేసిరి. రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును రంగు చిక్కదనమునుబట్టి కొలుచు పద్ధతిని 1925లో వారిరువురు ప్రకటించిరి. ఫిస్కు-సుబ్బారావు పద్ధతి యను పేర అది లోకమంతట పాఠ్యగ్రంథములకెక్కినది. ఆ కొలత చేతికి చిక్కగానే అంతవఱకు కనుపడని వస్తువులు కనుపడజొచ్చెను. 1927లో కండరములలో ఫాస్ఫోక్రియాటిను అను పదార్థమును, 1929లో ఏ.టి.పి. యను పదార్థమును వారు వెల్లడించిరి. అదే కాలమున జర్మనీయందు లోమను అను శాస్త్రజ్ఞుడును ఏ.టి.పి.ని వేఱుగ కనుగొనెను. గుఱ్ఱము పరుగెత్తుటకును, నాగలిపట్టిన రైతు చేయి బిగియుటకును, చదువరి కన్ను కదలుటకును వలసిన శక్తి కణములలో ఏ నాణెముగ చెల్లునో ఆ నాణెమే ఏ.టి.పి. ఈ యొక్క పనియే ఒక జీవితమునకు చాలినంత కీర్తి. 1930లో ఆయనకు డాక్టరు పట్టము వచ్చెను. అయినను హార్వర్డువారు ఆయనకు శాశ్వతాచార్యపదవి నొసగలేదు. మద్రాసునందు ఖద్దరు అడ్డువచ్చెను; అచ్చట పరదేశీయత్వమును, తన పేరును తానే చాటుకొనలేని స్వభావమును అడ్డువచ్చినవని తోచుచున్నది.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్‌రివర్ గ్రామమునగల లెడర్లే ఔషధపరిశోధనాలయమున చేరిరి. త్వరలోనే పరిశోధనలన్నింటికి నాయకుడైరి. ఇచ్చట ఆయన పాత ఋణము కన్నులయెదుట నిలిచెను. సంగ్రహణి రోగుల రక్తహీనత ఏల కలుగుచున్నది? ఈ ప్రశ్నకు తీగ మనదేశమందే దొరకియుండెను. 1928 మొదలు కొన్నియేండ్లపాటు లూసీ విల్సు అను ఆంగ్లవైద్యురాలు బొంబాయి మిల్లుకూలీలైన గర్భిణీస్త్రీల రక్తహీనతను పరీక్షించి, పులియబెట్టు ఈస్టునందలి యేదో యొక వస్తువుచే అది కుదురుచున్నదని తెలిపెను. ఆ వస్తువే ఆకుకూరలలోను, కాలేయములోను గల ఫోలికామ్లము. ప్రకృతినుండి దీనిని పుష్కలముగ తీయుట దుస్సాధ్యము. సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లే శాస్త్రజ్ఞులు 1945లో దానిని కృత్రిమముగ నిర్మించి లోకమునకు వెల్లడించిరి. వెంటనే టామ్ స్పైసు అను వైద్యుడును ఆయన సహచరులును క్యూబా, పోర్టోరికో ద్వీపములందలి సంగ్రహణి రోగులకు దాని నొసగిచూచిరి. పుండ్లుపడిన నాలుకలు మానెను, రక్తము చిక్కబడెను, ఆకలి పుట్టెను. రెండుచితులపై ప్రారంభమైన ప్రశ్నకు సగము సమాధానము లభించెను.

తక్కిన సగమును ఇచ్చట చెప్పవలెను. సంగ్రహణికి మూలకారణమును గూర్చి వైద్యులలో చర్చ యింకను ముగియలేదు. కాని 1960 తరువాత వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలవారు దక్షిణదేశపు గ్రామములందు ఈ వ్యాధి గుంపుగుంపుగ వ్యాపించుటను పరిశీలించిరి. ఇతర దేశముల శాస్త్రజ్ఞులును రోగుల ప్రేగులను పరీక్షించిరి. తేలినదేమనగా, పెద్దప్రేగునందుండవలసిన కడ్డీజీవులు ఈ రోగుల చిన్నప్రేగునకు ఎగబ్రాకి అచ్చట కాపురమేర్పఱచుకొనుచున్నవి. అవి పైజెప్పిన కుటుంబమునకు జెందినవే. చిన్నప్రేగులోపలి మృదువైన పొర వానివలన చెడుచున్నది, ఆ చెడుటచే ఫోలికామ్లము శరీరమునకు చేరకున్నది, చేరకుండుటచే రక్తము పలుచబడి పొర మఱింత చెడుచున్నది. కావున ఫోలికామ్లముమాత్ర మొసగినచో రక్తము కుదురునుగాని, దొంగ యింటిలోనే యుండును. దొంగను వెడలగొట్టు మందును కావలెను.

ఆ మందును ఆయన పరిశోధనాలయముననే పుట్టినది. ఈ చోట ఒక పొరపాటును దిద్దవలెను. ఆరియోమైసినును సుబ్బారావుగారు తాముగ కనుగొనిరని మనవారు తఱచు వ్రాయుచుందురు. అది సత్యము కాదు. దానిని కనుగొనినవాడు బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు. విశ్వవిద్యాలయమునుండి వయసుచే విశ్రాంతిగొనిన ఆ వృద్ధుని 1944లో లెడర్లేవారు తమ పరిశోధనాలయమున చేర్చుకొనిరి. పలుచోట్లనుండి మట్టి తెప్పించి, అందలి సూక్ష్మజీవులను పరీక్షించుట ఆయన పని. 1945లో మిస్సోరీ రాష్ట్రపు ఒక వ్యవసాయక్షేత్రమునుండి వచ్చిన పిడికెడు మట్టిలో బంగారువన్నె గల జీవి యొకటి దొరకెను. అది విడుచు రసమున కడ్డీజీవులును, గుండ్రని సూక్ష్మజీవులును సమముగ నశించెను. ఆ దినములందు లోకము శ్లాఘించుచున్న పెనిసిలిను ప్రేగుకడ్డీలపై అంతగ పనిచేయదు. ఈ క్రొత్తమందు చేయును. అందుచే దీని విలువ యపారము. సుబ్బారావుగారు పరిశోధనాధిపతిగ ఆ పనికి వలసిన ధనమును, మనుష్యులను, ధైర్యమును సమకూర్చిరి. విత్తు డగ్గరుగారిది, పొలము సుబ్బారావుగారిది. రైతులకు ఈ భేదమును విప్పిచెప్ప నక్కఱలేదు. లేని కీర్తిని అంటగట్టుట ఆయనకు గౌరవము గాదు. ఉన్న కీర్తియే ఆయనకు సమృద్ధిగ నున్నది.

ఆరియోమైసినునుండియే కొలదియేండ్లలో టెట్రాసైక్లిను అను మందు పుట్టినది. నేటికిని సంగ్రహణి రోగికి వైద్యులొసగునవి రెండు: ఫోలికామ్లము, టెట్రాసైక్లిను జాతి మందు. కొన్నినెలలపాటు ఈ రెండింటిని సేవించిన రోగి సాధారణముగ కోలుకొనును. ఆ రెండును ఒక్క పరిశోధనాలయము పంట. పురుషోత్తముగారును, కృష్ణమూర్తియు మఱి పాతికయేండ్లు తరువాత ఆ వ్యాధిన పడియుండినచో వారిని వారి తోబుట్టువు చేతిమందులే బ్రతికించియుండును. ఇట్టి న్యాయము విధి మనుష్యునకు అరుదుగ చేయును. చేసినప్పుడును ఆలస్యముగనే చేయును.

ఇంతటితో ఆయన పని ముగియలేదు. బోదకాలు వ్యాధికి హెట్రజాను అను మందు 1947లో ఆయన పరిశోధనాలయమునుండియే వెలువడెను. 2004 మొదలు మన ప్రభుత్వము ఊరూర మనుష్యులచేత మ్రింగించుచున్న మాత్రలు అవియే. ఫోలికామ్లమును బోలియుండి దాని పనిని అడ్డగించు అమినోప్టెరినును ఆయన సహచరులు నిర్మించి సిడ్నీ ఫార్బరు అను వైద్యునకొసగిరి. రక్తపుపుండు వ్యాధిచే మరణముఖమున నున్న పిల్లలకు దానివలన తాత్కాలికముగ స్వస్థత కలిగినదని 1948లో ఫార్బరుగారు ప్రకటించిరి. నేటి కాన్సరు చికిత్సకు ఆ ప్రకటనము తొలిమెట్టు.

1948 జూలైలో ఆరియోమైసిను గుణములు న్యూయార్కునందు శాస్త్రజ్ఞుల సభలో వెల్లడింపబడెను. తరువాతి నెలలోనే, ఆగస్టున, ఒక రాత్రి నిద్రించిన సుబ్బారావుగారు మఱల లేవలేదు. హృదయము ఆగిపోయెను. ఆయనకు అప్పటికి యేబదిమూడేండ్లు. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి ఒక యేడు. ఇరువదియాఱేండ్లు పరదేశమున నున్నను ఆయన అమెరికా పౌరసత్వము గైకొనలేదు. ఆ ఆగస్టున మన నల్లగొండ పల్లెలు రజాకార్ల దౌర్జన్యమున తల్లడిల్లుచుండెను, పోలీసుచర్యకింకను నెలదినములుండెను. బ్రతుకే సందిగ్ధమైనవేళ దూరదేశమున నిద్రలో మరణించిన శాస్త్రజ్ఞుని స్మరించు తీరిక ఎవ్వరికుండును? తరువాత ఒక శిలీంధ్రమునకు శాస్త్రజ్ఞులు సుబ్బారోమైసిస్ అని ఆయన పేరిడిరి. 1995లో శతజయంతికి మన ప్రభుత్వము తపాలాబిళ్ల వేసెను. ఇంట గెలిచి రచ్చ గెలువుమందురు. ఆయనను ఇంట గెలువనీయలేదు, రచ్చ గెలిచెను. ఆ గెలుపు ఫలమును ఇంటికే పంపెను. 1994లో సూరతు నగరమున ప్లేగు భయము చెలరేగినప్పుడు ప్రజలు మందుల అంగళ్లముందు బారులుతీరి కొనినది టెట్రాసైక్లినునే.

ఇంతవఱకు చరిత్రము. ఇక మా మనవి.

సుబ్బారావుగారి ఆస్తిని మనము దుబారా చేయుచున్నాము. 1950లో లెడర్లే శాస్త్రజ్ఞులే ఒక వింత తెలిపిరి. ఆరియోమైసినును తీసివేయగ మిగిలిన పిప్పిని దాణాలో గలిపి పెట్టిన కోడిపిల్లలు త్వరగ బలియుచున్నవి. అంతట లోకమంతట రోగములేని కోళ్లకును, పందులకును ఈ మందును మేపు వాడుక ప్రబలెను. అదే దశాబ్దమున జపానునందు మఱియొక వింత బయల్పడెను. రక్తగ్రహణి కడ్డీలు టెట్రాసైక్లినుతో గూడ నాలుగు మందులకు ఒక్కమాఱే లొంగకపోయెను. పరీక్షింపగ, ఒక కడ్డీ తన మొండితనమును ప్రక్కనున్న వేఱుజాతి కడ్డీకి చేతికిచ్చినట్లు అందించుచున్నదని తేలెను. మందును లోనికి రానిచ్చినను వెలుపలికి తోడిపోయు యంత్రమును అవి నేర్చినవి. నేర్చిన విద్యను చుట్టములకు బోధించుచున్నవి. ప్రేగునందలి నిరపాయమైన కడ్డీ నేర్చినది రేపు సన్నిపాతజ్వరపు కడ్డీకి తెలియును. 2016లో సింధుదేశమున పుట్టిన సన్నిపాతజ్వరము ఎన్నో మందులను త్రోసిపుచ్చినది. 2019లో మన ప్రభుత్వము కొలిస్టిను అను కడపటి మందును పశువులకును, కోళ్లకును మేపరాదని నిషేధించుట ఈ భయముచేతనే.

నల్లగొండ, మహబూబునగరు మెట్టప్రాంతమున వానకు నమ్మకము లేదు. కావున భూవసతిగల యనేకులు కోళ్లపెంపకమును ఉపాధిగ గైకొనిరి. అది దోషము కాదు. కాని రోగములేని కోడికి మందు మేపుట పొలమునకు నిప్పంటించి చలి కాచుకొనుటవంటిది. పట్టణవాసులును ఈ దోషమునకు దూరులు గారు. ఒకదినము విరేచనమైనంతనే అంగడినుండి రెండుమాత్రలు దెచ్చి మ్రింగి, నయమైనంతనే తక్కినవి మానుదురు. చావక మిగిలిన కడ్డీలు అట్లే విద్యనేర్చుచున్నవి. ఏ మందు, ఎన్నిదినములు, అను ప్రశ్నకు ఉత్తరము వైద్యునియొద్దనేగాని అంగడియందు లేదు.

మందుకంటెను మిన్నయైనది నీరు. ఈ కుటుంబపు కడ్డీలలో ప్లేగు ఫ్లీ యను కీటకపు కాటుచే వచ్చును; సన్నిపాతజ్వరము, రక్తగ్రహణి, తక్కిన ప్రేగురోగములు చాలవఱకు ఒకరి మలమునుండి మఱియొకరి నోటికి నీటిద్వారమున, చేతులద్వారమున, ఆహారముద్వారమున వచ్చునవే. నల్లగొండ నీటియందలి ఫ్లోరైడు ఎముకలను వంచునని మనకు తెలిసి యాందోళన చేసితిమి; అది కంటికి కనుపడెను గనుక. కడ్డీ కంటికి కనుపడదు గనుక దానినిగూర్చి యాందోళన లేదు. నందికొండ జలాశయము నిండుగ నున్నను, పల్లెకు జేరునప్పటికి గొట్టము పగిలినచోట మురుగు గలిసినచో కృష్ణవేణి పవిత్రత యేమి చేయగలదు? మరుగుగుంట బావికి దూరముగ నుండవలెను. త్రాగునీటితొట్టిలో బ్లీచింగుపొడి సకాలమున పడవలెను. వండువారును, బిడ్డలకు తినిపించువారును సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఇవి చిన్నమాటలు. కాని పెద్ద పరిశోధనాలయములు లేనిచోటను వీనిచే కడ్డీని ఓడింపవచ్చును. గ్రామములలో పలుకుబడిగల భూస్వాములును, పట్టణములందు పురపాలకసంఘముల ననుసరించు పౌరులును ఈ మూడింటిని తమ గడపనుండి ప్రారంభించినచో, నిధులకొఱకు ఎదురుచూడ నక్కఱలేని పని యిది.

విజయపురి శిల్పి జ్వరము విడిచినవారి శాలను శిలపై చెక్కెను. జ్వరము రాకుండ చేయుటకు వలసిన జ్ఞానము వానికి లేదు. మనకు గలదు. ఆ జ్ఞానమును సంపాదించుటకు ఒక తెలుగుబిడ్డ ఇల్లు, ఇల్లాలు, దేశము సర్వమును విడిచి పరదేశమున కన్నుమూసెను. ఆయన విగ్రహములు నిలుపుట, జయంతులు జరుపుట మంచిదే. మన బావియొద్ద నీరు శుభ్రముగ నుండుటయు, ఆయన మందును అక్కఱలేక వాడకుండుటయు అంతకంటె మేలైన స్మారకము.